గుంపులో మాట్లాడకపోతే పొగరంటున్నారు: ఆటిజం ఉన్న విద్యార్థి ఏం చేయాలి?

చివరి బెంచి:

బీటెక్ ఫస్టియర్, హాస్టల్. ఆటిజం ఉన్నట్టు రిపోర్టు ఉంది, కాలేజీలో ఎవరికీ తెలియదు. చదువుతో ఇబ్బంది లేదు, నలుగురిలో ఉన్నప్పుడే నోరు పెగలదు. మూడు విషయాల్లో సలహా కావాలి. "ఎందుకు మాట్లాడవ్?" అని అడిగితే ఏం చెప్పాలి? ("ఏం లేదు" అంటే ఇంకా పట్టుకుంటున్నారు.) వైవాలో (ల్యాబ్ నోటి పరీక్షలో) జవాబు తెలిసినా వెంటనే బయటికి రాదు, దానికేం చేయాలి? ఆటిజం సంగతి ఎవరికి, ఎంతవరకు చెప్పాలి? "ధైర్యంగా ఉండు, నలుగురితో కలువు" లాంటివి మాత్రం వద్దు, దయచేసి. ఏ మాట, ఎప్పుడు అనాలో చెప్పండి.

---

మాటల డెస్కు:

ముందు "ఏం లేదు" సంగతి. తెలుగులో అది అలిగినవాళ్లు అనే మాట. ఇంట్లో అమ్మతో అన్నా "ఏదో ఉంది, చెప్పట్లేదు" అనే అర్థమే తీస్తుంది. అందుకే ఇంకా గుచ్చి అడుగుతారు. దాని బదులు ఇలా అనండి: "నేను తక్కువే మాట్లాడతా. వింటూనే ఉన్నా." వెంటనే, గ్యాప్ ఇవ్వకుండా, ఏదో ఒక పని విషయం అడగండి: "రేపు రికార్డు ఎవరికివ్వాలి?" మొదటి రెండు ముక్కలు కారణం చెబుతాయి, మూడోది మాటని మీ మీద నుంచి పక్కకి జరుపుతుంది. ఎవరడిగినా ఇదే వాక్యం, మాట మార్చకుండా చెప్పండి. ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబితే, వాళ్లు తర్వాత మాట్లాడుకున్నప్పుడు మీరు అబద్ధమాడినట్టవుతుంది. సారీ అనకండి. తక్కువ మాట్లాడటం తప్పేం కాదుగా.

రెండోది ఊ కొట్టడం. మనవాళ్లకి ఎదుటివాడు ఊ కొట్టకపోతే కథ ముందుకి సాగదు. ఫోన్లో రెండు సెకన్లు ఊ అనకపోతే "హలో, వినపడుతోందా?" అంటారు చూడండి. ఎదురుగా ఉన్నప్పుడూ అదే లెక్క, కాకపోతే పైకి అనరు, "వీడికి లెక్కలేదు" అని మనసులో రాసుకుంటారు. ప్రతి వాక్యానికీ ఊ కొట్టాలంటే అలసట. సులువు దారి ఒకటుంది: అవతలివాళ్లు చెప్పినదాంట్లో ఒక ముక్క తీసుకుని దానికి దీర్ఘమివ్వడం. "రేపు ల్యాబ్ లేదంట" అంటే "రేపా?" "సార్ సెమినార్ పెట్టాడు" అంటే "సెమినారా?" ఒక్క మాటతో విన్నట్టూ తెలుస్తుంది, వాళ్లే ఇంకా చెబుతారు. వరసగా మూడోసారి వాడితే మాత్రం వెక్కిరిస్తున్నట్టుంటుంది. రెండుసార్లు చాలు, మూడోసారి తలాడించండి.

మూడోది ఎవరూ చెప్పరు గానీ చాలా చోట్ల దెబ్బకొట్టేది: నువ్వు, మీరు, రా. క్లాస్‌మేట్‌ని "మీరు" అంటే మర్యాద అనుకోరు, దూరం పెట్టారనుకుంటారు. పరిచయం లేకుండా "ఏరా" అంటే గొడవే. సీనియర్లకి అన్నా, అక్కా సరిపోతాయి. తోటివాళ్ల దగ్గర ఏం వాడాలో తేలనప్పుడు "వెళ్దామా?", "తిందామా?", "చూద్దాం" లాంటి మాటలు వాడండి. వీటికి నువ్వూ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు. పైగా కలుపుకుపోతున్నట్టు వినపడుతుంది. ఒకే మనిషి రెండు మూడుసార్లు మిమ్మల్ని "రా" అన్నాక మీరూ అనొచ్చు.

ఇవన్నీ మీలో లోపం సరిచేయడానికి అనుకోవద్దు. 2017లో శాసన్, ఆయన బృందం ప్రచురించిన పరిశోధనలో ఆటిజం ఉన్నవాళ్ల చిన్న వీడియోలు, ఆడియోలు, ఫొటోలు చూపించి "వీళ్లతో మాట్లాడతారా, స్నేహం చేస్తారా?" అని అడిగారు. ఆటిజం లేనివాళ్ల కంటే వీళ్లకి క్షణాల్లోనే తక్కువ మార్కులేశారు. అవే మాటల్ని కాగితం మీద రాసి చూపిస్తే ఆ తేడా పోయింది. అంటే జనం తడబడుతున్నది మీరు చెప్పే విషయం దగ్గర కాదు. గొంతు, ముఖం, చూపు దగ్గర. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో డబుల్ ఎంపతీ అన్నదీ దీనికి దగ్గరిదే: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది, ఒకవైపు కాదు. కాబట్టి రాతలో పరిచయం పెంచుకోవడం దొంగదారి కాదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో వారానికోసారి ఒక పనికొచ్చే ఫొటో పెట్టండి: నోట్సో, మారిన టైంటేబులో. ఎదురుపడ్డప్పుడు వాళ్లే పలకరిస్తారు.

---

ఉప్పు తక్కువ:

పై జవాబు బాగుంది. ఒక్క అభ్యంతరం. ఇవన్నీ రోజంతా వాడితే రాత్రికి మనిషి మిగలడు. లోపల ఒకటుండి పైకి ఇంకొకటి నటించడాన్ని మాస్కింగ్ అంటారు. దాని ఖరీదు నెలల తర్వాత తెలుస్తుంది: నిద్ర పాడవడం, ఇష్టమైన సబ్జెక్టు కూడా ముట్టబుద్ధి కాకపోవడం.

అందుకని రోజుకి రెండు చోట్లు ఎంచుకోండి, ఉదాహరణకి ల్యాబ్, సాయంత్రం టీ. మిగతా చోట్ల మౌనంగానే ఉండండి, ఎవరేమనుకున్నా సరే. మెస్సు తెరిచిన మొదటి పది నిమిషాల్లోగానీ, మూసే ముందుగానీ వెళ్లండి. మధ్యలో స్టీలు కంచాల మోత, క్యూ, ఎవరి పక్కన కూర్చోవాలనే బెంగ మూడూ కలిసొస్తాయి. గోడవైపు కుర్చీ చూసుకుంటే ఒక పక్క నుంచే పలకరింపులొస్తాయి.

మాట పూర్తిగా ఆగిపోయే రోజులుంటాయి. దానికి ముందే సిద్ధంగా ఉండాలి. ఫోన్ నోట్సులో పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి: "ఇప్పుడు మాట రావట్లేదు. ఒంట్లో బాగానే ఉంది. 20 నిమిషాలు నన్ను ఒక్కణ్ని వదిలేయండి." "ఒంట్లో బాగానే ఉంది" అన్న ముక్క తీసేయకండి. అది లేకపోతే చుట్టూ మూగి, ముఖాన నీళ్లు కొట్టి, ఇంటికి ఫోన్ చేసేస్తారు. రూమ్మేట్‌కి ముందుగానే చెప్పాల్సింది ఒక్కటే: అలాంటప్పుడు ప్రశ్నలు వేయొద్దు, తప్పదంటే తలాడించి జవాబిచ్చే ప్రశ్న వేయమని.

---

వైవా బల్ల:

వైవా గురించి చెబుతా. బల్లకి అటువైపు నుంచి చూస్తే, మీరు ఏడెనిమిది సెకన్లు ఊరుకుంటే ఎగ్జామినర్‌కి వినపడేది "తెలీదు" అన్న జవాబే. వెంటనే రెండో ప్రశ్న వేస్తారు. మీ బుర్ర మొదటిదాని దగ్గరే ఉంటుంది, అక్కడితో రెండూ పోతాయి.

కాబట్టి జవాబు కంటే ముందు శబ్దం రావాలి. ప్రశ్న పడగానే "ఒక్క నిమిషం సార్, ఆలోచించి చెప్తా" అనండి. ఇది ఆలోచించకుండా వచ్చేలా కంఠతా పట్టాలి. అద్దం ముందు కాదు, ఎవరైనా నిజంగా ప్రశ్న వేస్తుండగా. తర్వాత రికార్డులో సర్క్యూట్ బొమ్మ తెరిచి పెన్నుతో చూపిస్తూ చెప్పండి. చూపు బొమ్మ మీద ఉంటే ఎవరూ తప్పుపట్టరు, నేల మీద ఉంటే భయం అనుకుంటారు. మాట అస్సలు రాకపోతే "రాసి చూపించనా సార్?" అనండి. ఫార్ములా, గ్రాఫు అడిగినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది.

ఒక్కో ప్రయోగానికి పది ప్రశ్నలు చీటీల మీద రాసి, ల్యాబ్ పార్ట్‌నర్‌ని వరస మార్చి అడగమనండి. వరసగా చదివితే వరసగానే గుర్తొస్తాయి, అక్కడే చాలామంది దొరికిపోతారు. పరీక్షకి వారం ముందు ల్యాబ్ ఇన్‌చార్జిని కలిసి "జవాబు చెప్పడానికి నాకు కొంచెం టైం పడుతుంది, దయచేసి గమనించండి" అని కాగితం మీద రాసివ్వండి. అందులో ఆటిజం అనే మాట ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం.

---

సదరం ఫైలు:

ఎవరికి చెప్పాలి అన్నదానికి నా లెక్క: ముందు మెంటార్ లేదా క్లాస్ ఇన్‌చార్జి, తర్వాత రూమ్మేట్, ఆ తర్వాత కావాలంటే ల్యాబ్ పార్ట్‌నర్. అక్కడితో ఆపండి. రోగం పేరు చెప్పినట్టు కాకుండా పని చెప్పినట్టు చెప్పండి: "గుంపులో మాట్లాడటం నాకు కష్టం. మెసేజ్ పెడితే తొందరగా జవాబిస్తా. హఠాత్తుగా ప్లాన్ మారితే ముందు చెప్పు." గ్రూపులో మాత్రం రాయకండి. స్క్రీన్‌షాట్‌కి డిలీట్ ఉండదు. ఇంట్లో "బయట తెలిస్తే రేపు సంబంధాలు రావు" అంటారు, తెలిసిందే. ముగ్గురికి చెప్పడం, ఊరంతా చెప్పడం ఒకటి కాదని వాళ్లకి విడమర్చి చెప్పాలి.

హక్కుల సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఉంది. వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం లేదా అంతకుమించి ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల కోటా కిందికొస్తారు. రాత పరీక్షల్లో అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకి 20 నిమిషాలకు తగ్గకూడదు. అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట. హాల్ టికెట్ వచ్చాక కాదు, ఫీజు కట్టేటప్పుడే దరఖాస్తు పెట్టండి.

ఈ వైకల్య సర్టిఫికెట్‌ని మన దగ్గర ఇప్పటికీ సదరం సర్టిఫికెట్ అనే అంటారు, దేశమంతా చెల్లేది యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు). మీ దగ్గరున్న రిపోర్టు దానికి బదులు కాదు. శాతం లెక్కగట్టేది ఐఎస్ఏఏ అనే, ఆటిజం అంచనాకి మన దేశంలో వాడే కొలతతో: 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 70కి లోపు వస్తే ఆటిజం లేనట్టే రాస్తారు. తల్లిదండ్రులు చెప్పేదీ ఇందులో లెక్కే. సరిగ్గా ఇక్కడే "మావాడు బాగానే ఉంటాడండీ, కొంచెం సిగ్గంతే" అని అమ్మానాన్నలు పరువు కాపాడబోయి స్కోరు తగ్గించేస్తారు. వెళ్లేముందు నాలుగైదు ఉదాహరణలు తేదీలతో సహా రాసుకుని వాళ్ల చేతికివ్వండి.

సరదా హద్దు దాటి, వద్దన్నా రోజూ అనుకరించి చూపించడం, వీడియో తీయడం దాకా వస్తే అది ర్యాగింగ్. యూజీసీ 2009 నిబంధనలున్నాయి, టోల్ ఫ్రీ నంబరు 1800-180-5522, ఇరవై నాలుగు గంటలూ. పదిమందిలో కావాలని అవమానిస్తే 2016 చట్టం సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు ఉంది. తేదీ, టైం, చోటు, ఎవరున్నారు అన్నవి ఆ రాత్రే రాసుకోండి.

---

చివరి బెంచి:

అందరికీ థాంక్స్. ఇంకోటి అడగడం మరిచా. కాదనలేనని తెలిసి రికార్డులు నాతో రాయించుకుంటున్నారు. పుస్తకం బల్ల మీద పెట్టి "రేపటికి ఓకేనా?" అని వెళ్లిపోతారు.

---

మాటల డెస్కు:

మౌనం అర్ధాంగీకారం అనే సామెత పుట్టిందే అందుకు! అప్పటికప్పుడు మాట రాదు కాబట్టి చేతితో చేయండి. పుస్తకం పెట్టగానే దాన్ని వాళ్లవైపే వెనక్కి జరపండి. తెరవొద్దు, పేజీ ముట్టుకోవద్దు. ఒక్క పేజీ తిప్పినా ఒప్పుకున్నట్టే. వదిలేసి వెళ్లిపోతే అయిదు నిమిషాల్లో వాట్సాప్‌లో: "నా రికార్డే అవ్వలేదు, రాయలేను. నీ పుస్తకం రూములో టేబుల్ మీద ఉంది, తీసుకెళ్లు." కారణం ఒక్కటే చెప్పండి. రెండోది చెబితే దానికి పరిష్కారం చూపిస్తారు. "ప్లీజ్ రా, ఈ ఒక్కసారే" అని తిరిగొస్తే అదే మెసేజ్ కాపీ చేసి మళ్లీ పంపండి, కొత్తగా ఏమీ రాయకండి.