కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదివితే చేతికేం వస్తుంది?

కొత్త సభ్యుడు: అందరికీ నమస్కారం. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ చేయడానికి ఈమధ్యే వచ్చాను. సైట్ అనుభవం లేదు. రెజ్యూమెలో స్కిల్స్ కింద ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ ప్రిమవేరా నేర్చుకుంటే సరిపోతుందా?

ప్లానింగ్ అన్న: తమ్ముడూ, బటన్లు ఎవరికైనా వస్తాయి. ఏ పని ముందో ఏది వెనకో తెలియకపోతే నువ్వు గీసేది షెడ్యూల్ కాదు, ముగ్గు. 1950ల చివర్లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీలు కలిసి తెచ్చిన క్రిటికల్ పాత్ పద్ధతే (ఏ పనుల వరుస ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందో లెక్కగట్టడం) ఇప్పటికీ నడుస్తోంది. ఓసారి చేత్తో లెక్క కట్టు. ఒక పనికి ఐదు రోజుల ఫ్లోట్, అంటే ఆలస్యమైనా పర్లేదనే వెసులుబాటు ఉంటే, మూడు రోజులు ఆలస్యమైనా బిల్డింగ్ ఆగదు. రెజ్యూమెలో 'కమ్యూనికేషన్ స్కిల్స్' అని రాయకు, క్లాసులో చేసిన షెడ్యూల్ గురించి రాయి.

క్లెయిమ్స్ అక్క: షెడ్యూల్ సంగతి తర్వాత, ముందు రాసిపెట్టడం నేర్చుకో. ఉద్యోగంలో నా రెండో ఏడు. క్లయింట్ ఆఫీసు ఇంజనీరు సైట్‌కొచ్చి గోడ ఒక మీటరు జరపమన్నాడు. "కాగితం తర్వాత చూసుకుందాం" అన్నాడు. కట్టిన గోడ పగలగొట్టాం, కరెంటు పైపులు మళ్లీ వేశాం. తీరా బిల్లు పెడితే "నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు. నా సైట్ డైరీ తెరిస్తే ఆ రోజు పేజీలో ఉన్నది ఇదీ: "ఎండ. 14 మంది. పని జరిగింది." గోడ ఊసే లేదు! ఆ ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగినా బిల్లు పాసవలేదు. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా సాయంత్రంలోగా "మీరిలా చెప్పారు, మేమిలా చేస్తున్నాం" అని మెయిల్ కొడతాను. ఇంకోటి, క్లెయిమ్ నోటీసు, అంటే అదనపు డబ్బో టైమో కావాలని చెప్పే ఉత్తరం, 28 రోజుల్లో ఇచ్చెయ్యాలి. ఎక్కడైనా ఇంతే.

ప్లానింగ్ అన్న: ఎక్కడైనా కాదక్కా. 28 రోజులు ఫిడిక్‌లో, అంటే చాలా దేశాల్లో వాడే నమూనా కాంట్రాక్టులో ఉన్న గడువు. కాంట్రాక్టు మారితే గడువూ మారుతుంది.

ఎస్టిమేటర్: 28 రోజులంటే నాకు కాంక్రీట్ బలం చూసే క్యూబ్ టెస్టే గుర్తొస్తుంది. బాబూ, డ్రాయింగ్ చూసి క్వాంటిటీలు తీయడం గురించి ఇక్కడెవరూ చెప్పలేదేం? కిటికీల ఖాళీలు వదిలెయ్యకుండా గోడ మొత్తానికీ ఇటుకలు లెక్కేసినవాళ్లను చూశాను. అది సరిగ్గా వస్తే సైట్ ఎక్కకుండా కూడా ఉద్యోగం చేసుకోవచ్చు.

క్లెయిమ్స్ అక్క: నేను చూసినవన్నీ ఫిడిక్ కాంట్రాక్టులే. అందుకే అలా అన్నాను.

ప్లానింగ్ అన్న: నేను చెప్పిందీ అదే కదా!

కొత్త సభ్యుడు: ఇంతకీ ప్రిమవేరా నేర్చుకోవాలా వద్దా అండీ?