రేడియేషన్ మూడో వారం: నాన్న నోట్లో పుండ్లు

ప్రశ్న: మాది కర్నూలు. నాన్నకు బుగ్గ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. 30 సిట్టింగులలో 13 పూర్తయ్యాయి. మొదటి వారం రాగి సంగటి, శనక్కాయల పచ్చడి తిన్న మనిషి ఇప్పుడు మజ్జిగ మింగాలన్నా కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. నాలుక పక్కన తెల్లటి పొర కట్టింది. వేడి చేసింది, కొన్నాళ్లు కరెంటు ఆపించమని బంధువులు అంటున్నారు. ఆపవచ్చా? నేను శుభ్రత సరిగా చూడక ఇలా అయిందా?

జవాబు: మీ తప్పు ఏమీ లేదమ్మా. క్యాన్సర్ వార్డులో నర్సుగా ఈ మాట ఎందరికో చెప్పాను. ఆ పుండు మీరు చూసిన రోజు పుట్టలేదు, మొదటి సిట్టింగు నాడే మొదలైంది.

నోటి లోపలి పొర రోజూ కొంత రాలిపోతుంది, అడుగున పుట్టిన కొత్త కణాలు పైకి వచ్చి ఆ లోటు పూడుస్తాయి. ఇలా ఒకటి రెండు వారాల్లో పొర మొత్తం మారిపోతుంది. రేడియేషన్ ఆ అడుగు కణాల డీఎన్ఏను తెంపుతుంది. అంతటితో ఆగదు. కణాల్లో ఎన్ఎఫ్ కప్పా బీ అనే ప్రోటీను మేల్కొని వాపు పుట్టించే టీఎన్ఎఫ్ వంటి పదార్థాలను తయారు చేయిస్తుంది, అవి తిరిగి దాన్నే రెచ్చగొడతాయి. అప్పటికి పైన ఎర్రదనం కూడా కనిపించదు. రాలినంత వేగంగా కొత్త కణాలు రానప్పుడు పొర పలచబడి తెగుతుంది. తెల్లగా కనిపించేది చాలావరకు పుండు మీద పేరుకున్న ఫైబ్రిన్, అంటే నెత్తురు గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచులాంటి ప్రోటీను. దాన్ని గోకకండి, నెత్తురు వస్తుంది. ఒక్కోసారి అది ఫంగస్ కూడా కావచ్చు, డాక్టరుకు చూపించండి.

సొంతంగా సిట్టింగు మానవద్దు. మధ్యలో విరామం వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి.

లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాడు ఉప్పు, చిన్న చెంచాడు వంట సోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించి ఉమ్మేయమనండి. ఆల్కహాలు ఉన్న మౌత్‌వాష్ వద్దు. నొప్పి మందు అడగడానికి మొహమాటపడకండి, తిండికి ఎంత ముందు వేయాలో కూడా అడగండి. రాగి జావను పలచటి గుడ్డలో వడకట్టి, బాగా చల్లారాక ఇవ్వండి. పొట్టు నలుసు తగిలినా ఆ పుండు భగ్గుమంటుంది. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, నీళ్లు కూడా దిగకపోయినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ధన్యవాదాలక్కా. వడకట్టిన జావ అర గ్లాసు తాగారు. చివరి సిట్టింగు అవగానే తగ్గిపోతుందా?

జవాబు: వెంటనే తగ్గదమ్మా. మరో వారం పది రోజులు ఇలాగే ఉండవచ్చు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో మానుతుంది. బరువు మాత్రం వారం వారం చూస్తూ ఉండండి.