ఖాళీ ఫ్లాట్‌లో అద్దె ఫర్నిచర్ పెట్టి చూపిస్తే ఉపయోగం ఉంటుందా?

హైదరాబాద్ నిజాంపేటలో మా టూ బీహెచ్‌కే అమ్మకానికి పెట్టాం. 1,080 చదరపు అడుగులు, నాలుగో అంతస్తు, తూర్పు వాకిలి. వేసవి నుంచీ ఖాళీగా ఉంది. ఇదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య అమ్ముడైన ఫ్లాట్ రేటే చెబుతున్నాం, కాబట్టి ధర అడ్డు కాదనుకుంటున్నాను.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి ఇల్లు కొంటున్న ఉద్యోగ దంపతులు. సాయంత్రం ఏడు దాటాకే వస్తారు. వాస్తు, పార్కింగ్, నీళ్లు అన్నీ ఓకే అంటారు. రెండో బెడ్‌రూమ్ (10 x 11 అడుగులు) దగ్గర మాత్రం "ఇందులో మంచం, బీరువా రెండూ పడతాయా?" అని ఆగిపోతారు. టేపు పెట్టి కొలిచి చూపించినా నమ్మకం కుదరడం లేదు. మేమున్నప్పుడు అవి రెండూ పెట్టి, పిల్లల టేబుల్ కూడా వేశాం మరి!

లేత రంగు వేయించాం, లైట్లు మార్చాం, డీప్ క్లీనింగ్ చేయించి కొత్త ఫోటోలు పెట్టాం. ఫోన్లు పెరిగాయి, టోకెన్ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇల్లంతా అద్దె ఫర్నిచర్‌తో సర్దమని బ్రోకర్ సలహా. డౌన్ పేమెంట్‌కీ, లోన్‌లో కలవని రిజిస్ట్రేషన్ ఖర్చుకీ తడుముకునేవాళ్లు సోఫా చూసి మనసు మార్చుకుంటారా అని మా ఆయన. నాకైతే ఆ గదిని మంచంతో చూస్తే అనుమానం పోతుందనిపిస్తోంది.

ఇలా అమ్మినవాళ్లు, లేదా ఇలాంటి ఫ్లాట్ చూసి కొన్నవాళ్లు చెప్పండి: ఆ ఒక్క బెడ్‌రూమ్ సర్దితే సరిపోతుందా, హాలు కూడా సర్దాలా?