వానాకాలం తీసిన కొబ్బరినూనె నిలవ ఉండటం లేదు, ఏం చేయాలి?

నమస్కారమండీ. మాది విశాఖ దగ్గర ఆనందపురం. పెరటి కొబ్బరి ఎండబెట్టి గానుగ ఆడిస్తాం. తలకీ, వంటకీ, అమ్మ మోకాళ్లకీ ఆ నూనే. వేసవిలో తీసింది ఎన్నాళ్లున్నా కమ్మగా ఉంటుంది. వానల్లో తీసింది మాత్రం నెల తిరక్కుండానే మక్కు వాసన. ఇక్కడ సముద్రపు గాలికి తేమ ఎక్కువ కదా. కురిడీ ఫట్‌మని విరగదు, తోలులా వంగుతుంది, అంచున పచ్చటి బూజు. ఆ ముక్కలు పారేస్తున్నాను, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుందేమోనని భయం.

కొబ్బరిలో తేమ 6 శాతానికి దిగాలంటారు. ఇంట్లో అది ఎలా తెలుస్తుంది? పొగ వాసన పట్టకుండా చిప్పల నిప్పు మీద ఆరబెట్టడం కుదురుతుందా? మడ్డి తేరాక వడకట్టి నూనె ఓసారి కాచితే నిలవ ఉంటుందా? చేసి చూసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి. శ్రావణం వచ్చేలోపు మళ్లీ ఆడించాలి.