కాగితం మీద పది నెలలు, మా ఇంట్లో మూడు: ఫ్లోరైడ్ ఫిల్టర్ లెక్కను నమ్మొచ్చా?

రాజురా రైతు:
మాది చంద్రపూర్ జిల్లా, రాజురా దగ్గర పల్లె. మా బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు. 1 దాటకూడదంటారు, వేరే నీళ్ళు లేకపోతే 1.5 వరకు. పిల్లల పళ్ళు గార పడుతున్నాయని నిరుడు యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ కొన్నాం. లోపల 3 కిలోల తెల్ల గుండ్లు, అల్యూమినియం ఆక్సైడ్‌వి. కిలోకు 4 గ్రాముల ఫ్లోరైడ్ పడుతుందని దాంతో వచ్చిన కాగితంలో ఉంది. మేం రోజుకు 20 లీటర్లు పోస్తాం. 3 నుంచి 1కి దించాలంటే లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 40 మిల్లీగ్రాములు పట్టుకోవాలి. గుండ్లు మొత్తం 12 గ్రాములు పట్టుకుంటాయి, అంటే 300 రోజులు రావాలి. మూడు నెలలకే నీళ్ళు మళ్ళీ 2 దాటాయి. ఈ అధిశోషణం (గుండ్ల ఉపరితలానికి ఫ్లోరైడ్ అంటుకోవడం) సిద్ధాంతం ల్యాబులకే గాని మనకు కాదని నా నమ్మకం. కాదంటే ఎందుకో చెప్పండి.

కిన్వట్ కెమిస్ట్రీ టీచరమ్మ:
అన్నా, మీ లెక్క సరైనదే. సిద్ధాంతాన్ని తిట్టడం మాత్రం న్యాయం కాదు. లాంగ్‌మ్యూర్ అనే శాస్త్రవేత్త 1918లో అధిశోషణానికి ఇచ్చిన సమీకరణానికి షరతులున్నాయి: ఉపరితలం మీద చోట్లన్నీ ఒకేలాంటివి, ఒక్కో చోట ఒక్క అణువే, పక్కపక్క అణువులకు ఒకదానితో ఒకదానికి పని లేదు. శుభ్రమైన నీటిలో ఫ్లోరైడ్ ఒక్కటే కలిపి కొలిస్తే పెద్ద అంకె రావడం సహజం. బల్లార్షా ప్యాసింజర్‌లో సీట్లు లెక్కపెట్టి, అన్నీ మన ఊరివాళ్ళకే అనుకుంటే ఎలా? మీ నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బనేట్ కూడా ఆ చోట్లలోకి ఎక్కుతుంది. మీ నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, ఎంత?

రాజురా రైతు:
8.2 అమ్మా.

కిన్వట్ కెమిస్ట్రీ టీచరమ్మ:
అక్కడే ఉంది. పీహెచ్ 5.5, 6 దగ్గర అల్యూమినా మీద ధనావేశం బాగా ఉంటుంది, ఋణావేశమున్న ఫ్లోరైడ్‌ను లాక్కుంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ ఆ ఆవేశం సన్నగిల్లుతుంది. అలాగని ఇంట్లో యాసిడ్ కలపొద్దు. మోతాదు తప్పితే అల్యూమినియం నీళ్ళలోకి దిగుతుంది.

సిరొంచ కుర్రాడు:
యాక్టివేటెడ్ బొగ్గు వేస్తే పోదా అక్కా? గ్రాముకు 1000 చదరపు మీటర్ల ఉపరితలం అంటారు కదా.

కిన్వట్ కెమిస్ట్రీ టీచరమ్మ:
తమ్ముడూ, వాసన, రంగు, క్లోరిన్ అయితే అది పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ దానికి పెద్దగా అంటదు. ఉపరితలం ఎంతుందన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం.

రాజురా రైతు:
సరే, సిద్ధాంతం తప్పు కాదు. కానీ మాకు వచ్చింది కిలోకు 1.2 గ్రాములే. ఏ నీళ్ళతో కొలిచారో రాయకుండా ఆ 4 అచ్చువేయడం నాకు తప్పే.

కిన్వట్ కెమిస్ట్రీ టీచరమ్మ:
ఆ మాట మీద నేనూ మీతోనే. ఈసారి కొనేముందు మీ బోరు నీళ్ళే నాలుగు ప్లాస్టిక్ సీసాల్లో పట్టి, ఒక్కోదాంట్లో వేర్వేరు గ్రాముల అల్యూమినా వేసి, ఒక రోజంతా కలుపుతూ ఉంచి, పరీక్షకు ఇవ్వండి. ఆ గుండ్లు మీ నీళ్ళలో కిలోకు ఎంత పట్టుకుంటాయో తేలుతుంది. ఫిల్టర్‌లో వచ్చేది దానికంటే తక్కువే అనుకోండి.

రాజురా రైతు:
చేస్తాను. ఇంకొకటి. పాత గుండ్లను కాస్టిక్ సోడాతో కడిగి, తర్వాత పలచటి యాసిడ్ పోస్తే మళ్ళీ పనిచేస్తాయట. ఆ కడిగిన నీళ్ళలోకే కదా మూడు నెలల ఫ్లోరైడ్ అంతా వచ్చేది? చేను గట్టున పారబోయమని అమ్మినాయన అంటున్నాడు. బోరు ఆ గట్టు పక్కనే ఉంది. నేను పోయను.