ఒక కంట్రోలర్ పోయింది, స్టోరేజీ నడుస్తోంది కానీ మరీ స్లో

పాలమూరు_అడ్మిన్:
అన్నా, మహబూబ్‌నగర్‌లో మా ఆఫీసు స్టోరేజీకి (సర్వర్ల డేటా ఉండే డిస్కుల పెట్టె) రెండు కంట్రోలర్లు (ఆ డిస్కులను నడిపే బోర్డులు). నిన్న కరెంటు పోయి వచ్చాక పైది చచ్చిపోయింది, వాల్యూమ్‌లన్నీ (సర్వర్లకు ఇచ్చిన డిస్కు భాగాలు) కిందిది తీసుకుంది, డేటా ఏం పోలేదు. కానీ సేవ్ కొడితే గిర్రున తిరుగుతూనే ఉంది, బిల్లింగ్ వాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు. లోడ్ డబులైనందుకేనా? రేపు కొత్తది పెట్టగానే దానంతటదే సర్దుకుంటుందా?

నల్లగొండ_సర్వర్:
లోడ్ ఒక్కటే కాదు తమ్ముడూ. రెండూ బాగున్నప్పుడు ఒకదానికొచ్చిన రైట్ (రాయాల్సిన డేటా) రెండోదాని క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) కూడా కాపీ అయ్యాకే సర్వర్‌కి ఓకే పోతుంది. ఇప్పుడు జోడీ లేదు కాబట్టి చాలా మోడళ్లు రైట్-బ్యాక్ (క్యాష్‌లో పడగానే ఓకే చెప్పడం) ఆపేసి రైట్-త్రూకి మారతాయి, అంటే ప్రతిదీ డిస్కు దాకా పోయి రావాల్సిందే. బిల్లింగ్ వాళ్ల పోరు పడలేక రైట్-బ్యాక్ బలవంతంగా ఆన్ చేశావనుకో, ఇది కూడా పోతే క్యాష్‌లో ఉన్నదంతా గోవిందా.

కేబుల్_కాక:
కొత్తది పెట్టాక చాలావాటిలో ఇప్పుడు నడుస్తున్నదే దానికి తన ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తుంది, ఆలస్యమైందని మధ్యలో పీకకు. వాల్యూమ్‌లు వెనక్కి పోవడం కొన్నిటిలో ఆటోమేటిక్, కొన్నిటిలో మనమే చేయాలి. లినక్స్ అయితే ముందు మల్టీపాత్ (సర్వర్ నుంచి స్టోరేజీకి ఉన్న దార్ల లిస్టు) చూడు, పైదాని దార్లు యాక్టివ్ అని వచ్చాకే వాల్యూమ్‌లను కదిలించు. పాత మోడళ్లలో ఒక్క సర్వర్‌కి ఒక కంట్రోలర్ వైపు దారి లేకున్నా వాల్యూమ్ రెండు కంట్రోలర్ల మధ్య ఇటూ అటూ ఊగుతుంది.

పాలమూరు_అడ్మిన్:
బ్యాకప్ సర్వర్‌కి పైదాని దార్లు లిస్టులోనే లేవు కాకా, ఫెయిల్డ్ అని కూడా లేదు.

కేబుల్_కాక:
అయితే కేబులో జోనింగో (ఏ సర్వర్ ఏ కంట్రోలర్‌ని చూడొచ్చో స్విచ్‌లో పెట్టే సెట్టింగ్) మొదటి నుంచీ లేదేమో. అది సరిచేశాకే వాల్యూమ్‌లను ముట్టుకో.