నెదర్లాండ్స్‌లో మా మొదటి ఏడాది: ఏ సినిమాలు ఎప్పుడొస్తాయి?

ఐండ్‌హోవెన్ నుంచి:
అందరికీ నమస్కారం. మేం వచ్చి ఆరు వారాలైంది. ఇద్దరికీ సినిమా పిచ్చి. పాపకి ఆరేళ్లు, ఇక్కడి బళ్లోనే వేశాం. ఏడాది పొడుగునా ఇక్కడ ఏవి ఎప్పుడు విడుదలవుతాయో, డచ్ రాని మేం ఏవి చూడగలమో కాస్త చెబుతారా?

ఆమ్‌స్టెల్వేన్ నుంచి:
నమస్తే అమ్మా. ముందు శుక్రవారం సంగతి మర్చిపోండి. ఇక్కడ కొత్త బొమ్మ పడేది గురువారం. బయటి సినిమాలకి మామూలుగా మాటలు అలాగే ఉంచి కింద డచ్ సబ్‌టైటిల్స్ వేస్తారు. డబ్బింగ్ చేసేది పిల్లల సినిమాలకే. షో టైము పక్కన ఎన్‌ఎల్ అని ఉంటే డచ్ మాటలు, ఓవీ అని ఉంటే అసలు భాష.

మా మొదటి అక్టోబర్ సెలవుల్లో ఆ రెండక్షరాలు చూసుకోకుండా ఒక కార్టూన్ సినిమాకి బుక్ చేశాను. తెర మీద నక్క నోరు తెరవగానే డచ్! లేచి వెళ్లిపోదామన్నాను. మావాడు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. గంటన్నర సేపు నా చెవిలో "అమ్మా, దానికి ఆకలేస్తోందట", "ఇప్పుడు అబద్ధం చెప్పింది" అంటూనే ఉన్నాడు. బళ్లో నోరే విప్పడం లేదని టీచర్ చెప్పిన పిల్లాడమ్మా వాడు! వాడి లోపల అంత డచ్ చేరిందని ఆ చీకట్లోనే నాకు తెలిసింది. మీరు పాపని కావాలనే ఎన్‌ఎల్ షోకి తీసుకెళ్లండి. చాలా బళ్లకి బుధవారం ఒంటిపూటే, మధ్యాహ్నం ఆటకి వెళ్లొచ్చు.

పిల్లల సినిమాలు ఎక్కువగా బడి సెలవుల్ని చూసుకుని దిగుతాయి: ఫిబ్రవరి, అక్టోబర్, క్రిస్మస్. అక్టోబర్ సెలవుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సినెకిడ్ అని పిల్లలకే ఒక పండగ. ఆ వెనకే సింటర్‌క్లాస్ సినిమాలు, అంటే పిల్లలకి కానుకలు తెచ్చే ఇక్కడి తెల్లగడ్డం తాత కథలు. నవంబర్ మధ్యలో ఆయన ఓడ దిగుతాడు, డిసెంబర్ 5 సాయంత్రం ఇంటింటా కానుకలు. ఆ కథ తెలియకపోతే బళ్లో ఆ మూడు వారాలూ పాపకి అంతా అయోమయంగా ఉంటుంది. ముందే ఒక సినిమా చూపించండి.

రాటర్‌డామ్ నుంచి:
అక్క చెప్పినదానికి కాస్త కలుపుతా. మీ ఇద్దరి కోసమైతే జనవరి చివర మా ఊరి సినిమా ఫెస్టివల్‌కి రండి, 1972 నుంచి జరుగుతోంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి కాబట్టి డచ్ సినిమా రుచి చూడ్డానికి అదే మంచి చోటు. సెప్టెంబర్ చివర ఉట్రెక్ట్‌లో డచ్ సినిమాలకే ప్రత్యేకంగా ఇంకొకటి, అక్కడిచ్చే బహుమతి పేరు బంగారు దూడ. నవంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్యుమెంటరీల పండగ ఇద్‌ఫా.

ఇక్కడి సినిమాకి లక్ష టికెట్లు తెగితే గోల్డెన్ ఫిల్మ్ అని గుర్తింపు ఇస్తారు, నాలుగు లక్షలైతే ప్లాటినం, పది లక్షలైతే డైమండ్. మన లెక్కలతో చూసి చిన్నదనుకోకండి, దేశం మొత్తం జనాభా దాదాపు కోటీ ఎనభై లక్షలే. గోల్డెన్ వచ్చిన సినిమా చూసెళ్తే సోమవారం ఆఫీసులో కాఫీ దగ్గర మాట కలపడానికి మీకూ ఏదో ఒకటి ఉంటుంది. నాకు ఇక్కడ మొదటి స్నేహితుడు అలాగే దొరికాడు.

నెలకి రెండు మూడు సినిమాలు చూసేవాళ్లయితే సినెవిల్ కార్డు తీసుకోండి, చిన్న హాళ్లలో ఎన్నైనా చూడొచ్చు. ఒక్కసారైనా ఆమ్‌స్టర్‌డామ్ టుషిన్‌స్కీలో చూడండి. 1921లో కట్టిన హాలు. కట్టించిన టుషిన్‌స్కీ గారిని, యూదుడైనందుకు, నాజీలు ఆష్విట్జ్‌లో చంపేశారు. నేను వెళ్లిన ప్రతిసారీ ఆట మొదలయ్యే ముందు పైకప్పు వైపు చూస్తూ ఆయన్ని తలుచుకుంటాను.

ఐండ్‌హోవెన్ నుంచి:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. మరి మన తెలుగు సినిమాలు?

ఆమ్‌స్టెల్వేన్ నుంచి:
పెద్ద హీరోలవి వస్తాయమ్మా, కాని షోలు కొద్దే. వాయిదా వేస్తే పోతాయి, అందుకే బుకింగ్ తెరవగానే తీసుకోండి. తీసుకునే ముందు కైక్‌వైజర్ అంకె చూడండి, ఏ వయసు నుంచి చూడొచ్చో చెప్పే గుర్తు అది. 16 అని ఉంటే అమ్మానాన్నలు పక్కనున్నా పాపని లోపలికి పంపరు. మన ఫైట్ల సినిమాలకి ఆ అంకె పడుతూనే ఉంటుంది. తేదీ కూడా చూసుకోండి. 2024లో పుష్ప 2 వచ్చింది సరిగ్గా డిసెంబర్ 5న, గురువారం. అది సింటర్‌క్లాస్ కానుకల సాయంత్రం కదా, అప్పుడు మాత్రం పాప దగ్గరే ఉండండి, మీరు శనివారం వెళ్లొచ్చు. మే 4 రాత్రి 8 గంటలకి యుద్ధంలో పోయినవాళ్ల కోసం దేశమంతా 2 నిమిషాలు మౌనం పాటిస్తుంది, ఆ రోజు షో టైము మళ్లీ ఒకసారి సరిచూసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ వచ్చినప్పుడు ఫోన్ చెయ్యండి, మావాడు మీ పాప పక్కన కూర్చుని చెవిలో కథ చెబుతాడు.